ఎవ్వరును చూడని నియమము

(సంఘ సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పొద్దస్తమానము నియమ నిబంధనల నడుమ మెలగు ఉద్యోగుల యెదుట మరల నియమములను గూర్చియే ప్రసంగించుట సాహసమని తోచవచ్చును. అందును ఈ నియమము ప్రభుత్వము విధించినది కాదు, ధర్మశాస్త్రము చెప్పినదియు కాదు. కంప్యూటరు తెర యెదుట కూర్చుండి ఆడుకొను ఒక యువకుడు, తన యాట తనకే కష్టము కావలెనని తానై పెట్టుకొన్నది. దానిని మీరినచో సంజాయిషీ అడుగువారు లేరు. పాటించినచో మెచ్చి మేకతోలు కప్పువారును లేరు. అయినను లోకమున ఎందరో అట్టి నియమములను పెట్టుకొని, రాత్రులు మేలుకొని, వానికి కట్టుబడి ఆడుచున్నారు. ఇందు పెద్దలు గమనింపదగినది ఏమైన కలదా యనునది నేటి విషయము.

మన యిండ్లలో ఇట్టిది బొత్తిగా లేకపోలేదు. చదరంగమున చేయి తిరిగిన తాత మనుమనితో ఆడునప్పుడు తన మంత్రిని తానే తీసి ప్రక్కన పెట్టి ఆడును. ఎదుటివాడు చిన్నవాడు గనుక ఆట సమముగా సాగవలెనని ఆ యేర్పాటు. కాని కంప్యూటరుతో ఆడువాడు ఎవనిపై దయ చూపవలెను? యంత్రమునకు చిన్నతనము లేదు, ఓడినందుకు కంట తడియును లేదు. కావున ఇచటి నియమము ఎదుటివానికొరకు కాదు, తనకొరకే.

దీనికి సరియైన పోలిక మన సాహిత్యమున కలదు. పదునారవ శతాబ్దమున పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును సంస్కృత పదములు పెట్టక అచ్చ తెలుగున వ్రాసెను. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యముతో రామకథయు భారతకథయు చెప్పెను. అట్లు వ్రాయకున్నచో కావ్యము కాకుండునని లక్షణ గ్రంథములు ఎచ్చటను శాసింపలేదు. తోవ వెడల్పుగా ఉండగా వారు గట్టు మీద నడచిరి. అవధానమున నిషిద్ధాక్షరి యున్నది గదా యని కొందరనవచ్చును. అచట అక్షరమును నిషేధించువాడు పృచ్ఛకుడు, నిషేధమునకు లోబడి పద్యము చెప్పువాడు అవధాని. ఇచట పృచ్ఛకుడును తానే, అవధానియు తానే. సభ మాత్రము లేదు.

ఇక ఆ యాటలు ఎట్టివో కొంచెము చెప్పుకొనవలెను. చరిత్రను ఆధారముగా చేసికొని, రాజ్యపాలనమును, దౌత్యమును, యుద్ధమును, వర్తకమును ఒక్క పటము మీద నడిపించు ఆటలను వ్యూహక్రీడలందురు. అమెరికా దేశమున సిడ్ మెయర్ రూపొందించిన సివిలిజేషన్ అను ఆట 1991లో వెలువడెను. అందు ఆటగాడు క్రీస్తుపూర్వము 4000 ప్రాంతమున ఒక చిన్న జనసమూహముతో ఆరంభించి, నగరములు కట్టి, విద్యలు నేర్పి, తుదకు అంతరిక్షమునకు నౌకను పంపువరకు సాగవచ్చును. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థవారు 2000లో యూరోపా యూనివర్సాలిస్ అను ఆటను వెలువరించిరి. దాని నాలుగవ రూపము 2013 ఆగస్టులో వచ్చెను. అందు కథ 1444 నవంబరు 11న, అనగా బల్గేరియాలోని వార్నా యుద్ధమున ఉస్మానీ సుల్తాను గెలిచిన మరునాడు ఆరంభమై, 1821 తొలి దినములతో ముగియును. కాలము దినమొక్కటిగా కదలును. ఆనాటి లోకమందలి వందలాది రాజ్యములలో దేనినైన ఎంచుకొని ఏలవచ్చును.

ఇట్టి ఆటలో తొలిసారి కూర్చున్నవాడు ఓడుట సహజము. పదిసారులు ఆడినవాడు గెలుచుట నేర్చును. నూరుసారులు ఆడినవానికి గెలుపు రుచి తప్పును. యంత్రము ఎచ్చట తడబడునో, ఏ పొరుగువానిని ఎప్పుడు కొట్టవలెనో కంఠస్థమైపోవును. అప్పుడు వానికి రెండు దారులు మిగులును. ఆటను మానివేయుట ఒకటి. ఆటకు తానొక గీత గీచి, దానిని దాటనని పూనుట రెండవది.

అట్టి గీతలలో పేరుపొందినది ఏకనగర నియమము. సివిలిజేషన్ ఆటలో బలము నగరముల సంఖ్యను బట్టి పెరుగును. ఎక్కువ నగరములున్న వానికి ఎక్కువ ధనము, ఎక్కువ సైన్యము, ఎక్కువ విద్య. దీనిని చక్కగా ఎరిగిన ఆటగాండ్రే, జీవితాంతము ఒక్క నగరముతోనే లోకమును ఎదుర్కొందుమని నియమము పెట్టుకొనిరి. మంచి నేల, నది, కొండ, సముద్రము అన్నియు అందుబాటులోనుండు ఒక్క చోటు వెదకి, అందే విద్యాలయములు, అందే కర్మాగారములు నిలిపి, పొరుగువారితో స్నేహము చెడకుండ మెలగి, తుదకు ఆ యొక్క నగరము నుండియే అంతరిక్షనౌకను పంపి గెలిచిరి. 2005లో వచ్చిన నాలుగవ సివిలిజేషన్‌లో నిర్మాతలు ఈ నియమమును ఆటలోనే ఒక యేర్పాటుగా చేర్చిరి. ఒక్కొక్క నగరమున రెండే జాతీయ మహానిర్మాణములు ఉండవలెనను కట్టుబాటును, ఏకనగర నియమముతో ఆడువారికి మాత్రము ఐదింటికి సడలించిరి. ఆచారము శాసనమగుట మన ధర్మశాస్త్ర చరిత్రలో తెలిసిన విషయమే. ఆటలలోను అదియే జరిగినది.

రెండవ ఉదాహరణము ర్యూక్యూ. జపానుకు దక్షిణముగా, తైవానుకు ఈశాన్యముగా ఉన్న ద్వీపమాల యది. ఒకినావా ద్వీపమున ఉత్తర, మధ్య, దక్షిణ భాగములందుండిన మూడు రాజ్యములను మూడు పర్వతములని పిలిచెడివారు. 1429 నాటికి అవి ఒక్కటియయ్యెను. ఆ చిన్న రాజ్యము చీనా, జపాను, కొరియా, ఆగ్నేయాసియా రేవుల నడుమ ఓడలు నడిపి బ్రతికెను. 1458లో దాని రాజధానియగు షురి కోటకై పోతపోసిన గంటపై, సర్వ దేశములకు వారధి యని అర్థమిచ్చు మాటలు వ్రాసికొనిరి. 1609లో జపానుకు చెందిన సత్సుమా సేనలు దానిని లోబరచుకొనెను. 1879లో జపాను ప్రభుత్వము ఆ రాజ్యమును రద్దు చేసి ఒకినావా మండలముగా మార్చెను.

యూరోపా యూనివర్సాలిస్ నాలుగవ రూపమున ఆటగాండ్రకు పెట్టబడిన అత్యంత కఠిన పరీక్షలలో ఒకదాని పేరు మూడు పర్వతములు. ర్యూక్యూను ఎంచుకొని లోకమునంతయు స్వాధీనము చేసికొనవలెను! ఈ పరీక్షను పెట్టినవారు నిర్మాతలే, తలకెత్తుకొనినవారు ఆటగాండ్రు. దీనిని సాధించినవారు ఉన్నారు. వారి నేర్పు మెచ్చదగినదే. కాని ఒక్క క్షణము ఆగి చూడుడు. ఆయుధముకంటె ఓడను నమ్ముకొన్న రాజ్యము, వారధి యని తన గంటపై వ్రాసికొన్న రాజ్యము, ఈ యాటలో గెలువవలెనన్నచో భూలోకమునంతయు మ్రింగవలెను. కష్టమైన నియమము ఆట యొక్క కష్టమును చూపును. మంచి నియమము ఆట యొక్క స్వభావమును చూపును. ఈ రెంటికి గల భేదమును గ్రహించుటకు తూర్పు దిశను విడచి మన తుంగభద్రా తీరమునకు రావలెను.

అదే ఆటలో, అదే 1444లో, విజయనగరము కలదు. ఆనాడు సింహాసనమున నున్నవాడు రెండవ దేవరాయలు. అంతకు ముందటి యేడు, 1443లో, హెరాత్ నుండి షారుఖ్ రాయబారియైన అబ్దుల్ రజాక్ ఆ నగరమునకు వచ్చి, దాని వైభవమును తన గ్రంథమున వర్ణించెను. ఉత్తరమున బహమనీ సుల్తానులు, ఈశాన్యమున ఓఢ్ర గజపతులు. దక్షిణాపథమున ఇంత బలమైన రాజ్యము మరొకటి లేదు గనుక, చేయి తిరిగిన ఆటగాడు దీనిని ఎంచుకొన్నచో కొలది దశాబ్దములలో దక్కనునంతయు కలుపుకొనును. అందు వింత లేదు.

ఇప్పుడు మన యువకుడొకడు దీనినే ఎంచుకొని మూడు నియమములు వ్రాసికొనెననుకొందము. ఒకటి: విజయనగరము తానై ఎవరిపైనను యుద్ధము ప్రకటింపరాదు. రెండు: తనపైకి వచ్చినవానిని ఓడించినను వాని భూమిని కోరరాదు. మూడు: జరిగినది జరిగినట్లే అంగీకరింపవలెను. ఆట నడుమ భద్రపరచుకొన్న పాత ప్రతికి మరలిపోయి, ఓటమిని తుడిచివేయరాదు.

తొలి కొన్ని సంవత్సరములు వానికి చేతులు కట్టివేసినట్లుండును. పటము మీద పొరుగు రాజ్యములు ఒకదానినొకటి కబళించుచుండును, తాను చూచుచుండవలెను. పిమ్మట ఒక్కొక్కటిగా క్రొత్త విషయములు కనబడసాగును. ఈ యాటలో రాజునకు పరిపాలన బలము, దౌత్య బలము, సైనిక బలము అని మూడు నిధులున్నవి. రాజు సమర్థతను బట్టియు, జీతమిచ్చి నియమించుకొన్న మంత్రులను బట్టియు అవి నెలనెల పెరుగును. భూమిని జయించువాడు పరిపాలన బలములో పెద్ద భాగమును ఆ భూమిని తన దానిగా స్థిరపరచుకొనుటకే వెచ్చించును. జయింపనివానికి ఆ వెచ్చము లేదు. ఆ బలమును దేనికి వినియోగింపవలెను? తనకున్న మండలములను అభివృద్ధి చేయుటకు. పరిపాలన బలముతో శిస్తు పెరుగును, దౌత్య బలముతో ఉత్పత్తి పెరుగును, సైనిక బలముతో సైన్యమునకు వచ్చు జనము పెరుగును. పదిసారులు ఇదే రాజ్యమును ఏలినను ఏ మండలమున ఏమి పండునో ఎరుగని యువకుడు, ఇప్పుడు ఒక్కొక్క మండలమును తెరచి చూచి, ఇది మైదానమా, అడవియా, ఇచట వెచ్చించుట లాభమా యని ఆలోచించును. యుద్ధము మానిన తరువాతనే వానికి తన రాజ్యము కనబడెను.

యుద్ధము మానినంత మాత్రమున సైన్యము తగ్గునా? తగ్గదు. ఇది రెండవ పాఠము. పొరుగువాడు బలము చూచి భయపడును గాని నియమము చూచి గౌరవింపడు. యంత్రమునకు ఈ యువకుని వ్రతము తెలియనే తెలియదు. అందువలన కోటలను నిలుపుకొనవలెను. వానికి నెలనెల వెచ్చము. ఎదురుకోటను ముట్టడించి పట్టుకొననిదే శత్రుసేన లోనికి చొరబడలేని రీతిగా ఆట యేర్పరుపబడినది గనుక, ఏ కనుమ యొద్ద ఏ కోట ఉండవలెననునది జాగ్రత్తగా నిర్ణయింపవలసిన విషయము. దురాక్రమణ చేయువానికి ఈ చింత తక్కువ. వాడు యుద్ధమును తాను కోరిన చోట, తాను కోరిన వేళ నడుపును. శాంతిని కోరువాడు ఎన్నడు వచ్చునో తెలియని దినమునకై ప్రతిదినము సిద్ధముగా ఉండవలెను.

మూడవది మిత్రుల విషయము. ఇచట మన సభ్యులకు మిక్కిలి పరిచయమైన చిక్కు ఒకటి వచ్చును. బహమనీలకు జడిసి యువకుడు గజపతులతో సంధి చేసికొన్నాడనుకొందము. కొంత కాలమునకు గజపతియే బహమనీలపై దండెత్తి, మిత్రుడా రమ్మని పిలుపు పంపును. తానై యుద్ధము ప్రకటింపరాదని గదా మొదటి నియమము! ప్రకటించినది తాను కాదు, గజపతి. అక్షరమును బట్టి చూచిన పోవచ్చును. ఆశయమును బట్టి చూచిన పోరాదు. పోకున్నచో సంధి తెగిపోవును, ప్రతిష్ఠ తగ్గును. ఆటలో దీనికి విచారణాధికారి లేడు, పూర్వ నిర్ణయములు లేవు, పైకి నివేదించుకొనుటకు పై అధికారియు లేడు. నియమమునకు వివరణము, వివరణమునకు మినహాయింపు, మినహాయింపునకు మరియొక ఉత్తర్వు వ్రాసికొనుచు పోయినచో నియమము మిగులదు, కాగితములే మిగులును. యువకుడు కలము క్రింద పెట్టి, పిలుపును త్రోసిపుచ్చెననుకొందము. మిత్రుడు పోయెను.

కొన్ని సంవత్సరములకు బహమనీలు తమ మిత్రులతో కలిసి వచ్చిరి. ఒంటరియైన విజయనగరము ఓడెను. సంధిలో సరిహద్దు మండలములు రెండు పోయెను. ఆట మొత్తములో ఇదియే అసలు ఘట్టము. ఎందుకనగా యుద్ధమునకు ముందటి ప్రతి ఒకటి కంప్యూటరులో భద్రముగా ఉన్నది. ఒక్కసారి మీట నొక్కిన చాలును. ఓటమి లేదు, సంధి లేదు, ఆ రెండు మండలములును ఎప్పటివలె తనవే. ఇంటిలో అందరును నిద్రించుచున్నారు. ఈ యువకుడు మూడు నియమములు వ్రాసికొన్న సంగతి వాని తల్లికిని తెలియదు. ఆ మీట నొక్కినచో లోకమున ఎవనికిని నష్టము లేదు.

నిర్మాతలు ఇట్టి చపలత్వమును ఎరిగియే, ఐరన్‌మ్యాన్ అను పద్ధతిని ఆటలో పెట్టిరి. ఆ పద్ధతిలో ఆడినచో ఒక్క ప్రతియే ఉండును. యంత్రము దానినే మరల మరల తిరుగవ్రాయుచుండును. వెనుకకు పోవుటకు దారి యుండదు. మూడు పర్వతముల వంటి బిరుదులన్నియు ఆ పద్ధతిలో ఆడినవారికే దక్కును. ఇది మంచి కాపలాయే. కాని తెలివి కలవాడు ఆ ఒక్క ప్రతికి బయట నకలు తీసి దాచుకొనగలడు. అంతేకాదు, ఆ కాపలా మూడవ నియమమును మాత్రమే కొంతవరకు కాయగలదు. తానై దండెత్తరాదు, భూమిని కోరరాదు అను మిగిలిన రెండు నియమములను కాయగల యంత్రము లేదు. అవి వాని మనస్సున తప్ప ఎచ్చటను వ్రాసి లేవు.

యువకుడు ఆ మీట నొక్కలేదు. ఆ రెండు మండలములను పోగొట్టుకొనియే ఆట సాగించెను. చిత్రమేమనగా, ఆ భూమి న్యాయముగా విజయనగరమునకు చెందినదేయని ఆట ఇంకను గుర్తించుచునే యుండును. పోయినదానిని తిరిగి గైకొనుటకు దండెత్తినచో ఇతర రాజ్యములు అంతగా కోపింపవు. కారణము సిద్ధము, హక్కు సిద్ధము. అయినను మొదటి నియమము అడ్డు నిలిచినది. అన్యాయముగా పోయినదానిని న్యాయముగా తెచ్చుకొనుటకును కత్తి దూయని యెడల ఇది ధర్మమా, పిరికితనమా? ఈ ప్రశ్నకు ఆట సమాధానము చెప్పదు. కాని ఇరువది యేండ్ల వయసున, ఒంటరిగా, ఈ ప్రశ్న యెదుట ఒక రాత్రి కూర్చుండుట చిన్న విషయము కాదు.

పోయిన మండలమున జనులు తిరుగబడి, తమ తొలి రాజ్యములో తామే వచ్చి కలియుటకు ఈ యాటలో వీలు కలదు. ఏలువాడు యుద్ధములతో నలిగి, ఖజానా చిక్కి, తిరుగుబాటును అణచలేని వేళ అట్లు జరుగును. కొన్ని దశాబ్దములు గడచిన పిమ్మట అట్లు ఒక మండలము మరలివచ్చెననుకొందము. యువకుడు మరల తన నియమమును చదువుకొనును. భూమిని కోరరాదని యున్నది. వచ్చినదానిని త్రోసివేయవలెనని లేదు. ఈసారి అక్షరమును ఆశయమును రెండును ఒక్క మాటయే చెప్పుచున్నవి. జయించిన నూరు మండలములకంటె ఆ యొక్క మండలము వానికి ప్రియమైనదగుటలో ఆశ్చర్యము లేదు.

1821లో ఆట ముగియును. రాజ్యములన్నింటికిని మార్కులు వేసి వరుసగా నిలుపు పట్టికలో ఈ విజయనగరము మొదటి స్థానమున ఉండకపోవచ్చును. మూడువందల డెబ్బదియారు సంవత్సరములు ఒక మాటను నిలుపుకొన్నందులకు ఆ పట్టికలో గడి లేదు.

ఇట్లు ఆడినవానికి ఆట యొక్క లోపములును తెలియును. ఈ మాట ముఖ్యముగా మన వారు గమనింపవలెను. ఆటలో వర్తకము నదులవలె ఒక రేవు నుండి మరియొక రేవునకు ప్రవహించును. ఆ ప్రవాహముల దిక్కు నిర్మాతలు ముందే స్థిరపరచినది. కోరమండల తీరము నుండి బయలుదేరిన సంపద ఎన్ని మలుపులు తిరిగినను తుదకు చేరునది ఇంగ్లీషు ఛానల్, జెనోవా, వెనిస్ అను మూడు చోట్లలో దేనినో ఒకదానిని. విజయనగరమును ఎంత చక్కగా ఏలినను ఆ దిక్కును త్రిప్పలేము. తీరమున కొంత సంపదను నిలుపుకొనవచ్చును. లండను సంపదను మచిలీపట్టణమునకు పారించుట మాత్రము అసాధ్యము. అట్లే, ఐరోపావారు కాని రాజ్యములు విద్యలు నేర్చుటకు ఎక్కువ వెచ్చింపవలెనను కట్టుబాటు మొదట ఉండెను. 2016లో దానిని మార్చి, సాంస్కృతిక పునరుజ్జీవనము, అచ్చుయంత్రము మొదలగునవి ఒక్కొక్క కాలమున ఒక్కొక్క చోట పుట్టి లోకమంతట వ్యాపించునట్లు చేసిరి. ఆ పిమ్మట, తన మండలమునొకదానిని శ్రద్ధతో అభివృద్ధి చేసినవాడు ఆ పునరుజ్జీవనమును హంపీలోనే మొలకెత్తింపగలడు. కొట్టి గెలుచుచు పోవువానికి ఈ కట్టుబాట్లు కంటబడవు; వాడు వానిపై నుండి దాటిపోవును. నియమముతో మెల్లగా నడచువాని కాలికే అవి తగులును. ఆటకు నియమములు వ్రాసినవాడు ఎచ్చట కూర్చుండి వ్రాసెనో అప్పుడు తెలియును.

అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి. ఈ పటము మీద మండలములున్నవి గాని మనుష్యులు లేరు. మూడు అంకెలు కలిపిన ఒక మొత్తమే అచట ఊరు. ముట్టడిలో ఆకలిచే చచ్చినవారు, పన్నుకు ఎద్దునమ్ముకొన్న రైతు, కాలిన యింటిని చూచి నిలుచున్న స్త్రీ అచట కానరారు. 1565 జనవరి 23న దక్కను సుల్తానుల కూటమి యెదుట అళియ రామరాయలు యుద్ధభూమిలో ప్రాణములు కోల్పోయెను. పిదప నగరము కొల్లపోయి పాడువడెను. రామరాయలకు భద్రపరచుకొన్న పాత ప్రతి లేదు. ఆ నగరవాసులకు మీట లేదు. హంపీలో నేడు చూచువారికి కనబడు విరిగిన మండపములు చరిత్రకును ఆటకును నడుమనున్న గీత. పాత ప్రతికి మరలనని పూనిన ఆటగాడు ఆ గీతకు కొంచెము దగ్గరగా వచ్చినవాడు. జరిగినది తుడిచివేయరానిదని వాడు తన చిన్న నష్టము ద్వారా ఊహింపగలడు. అంతకంటె ఎక్కువ తెలిసినదని అనుకొన్నచో పొరపాటే.

ఇట్టి ఆటలలో కాలము వ్యర్థమగునని పెద్దలు చింతించుట సహేతుకము. ఒక్క ఆట పూర్తియగుటకు పదుల గంటలు పట్టును. పరీక్షల నెలలో విజయనగరమును రక్షించినవాడు తన తరగతిని పోగొట్టుకొనవచ్చును. దీనికి మందు కూడ ఆ పద్ధతియందే కలదు. యుద్ధము చేయనని మాట నిలుపుకొనగలిగినవాడు, తొమ్మిది గంటలకు లేచెదనని మాట నిలుపుకొనలేడా? తలిదండ్రులు కంప్యూటరుకు తాళము వేయుట ఐరన్‌మ్యాన్ పద్ధతి వంటిది. అది కొంతవరకే పనిచేయును. బిడ్డ తానై గీచుకొన్న గీత ఎక్కువ కాలము నిలుచును. కనుక ఎంత సేపు ఆడితివని అడుగుటతో ఆగక, ఏ నియమముతో ఆడుచున్నావని కూడ అడిగి చూడవలెను. ఆ ప్రశ్నకు సమాధానముగా వచ్చు కథ తలిదండ్రులు ఎదురుచూడనిదై యుండవచ్చును.

సభాసదులారా! ప్రభుత్వ కార్యాలయములలో నియమములు గ్రంథములుగా నున్నవి. వానిని కాపాడుటకు తనిఖీలు, లెక్కల పరిశీలనలు, పై సంతకములు ఉన్నవి. అవి ఉండవలసినవే. కాని ఒక దస్త్రము ఎన్ని చేతులు మారినను, ఎవ్వరును చూడని ఒక క్షణము ప్రతి చేతిలోను ఉండును. ఎదుటి బల్ల ఖాళీ, గడియారము ఐదు దాటినది, ఒక పేద విశ్రాంత ఉద్యోగి పింఛను కాగితము తన ముందున్నది. దానిని నేడు చూచినను రేపు చూచినను అడుగువాడు లేడు. ఆ క్షణమున పనిచేయునది గ్రంథములోని నియమము కాదు, మనిషి తనకు తాను పెట్టుకొన్నది. ఆటలో రాజ్యము కల్ల, యుద్ధము కల్ల, పోయిన మండలము కల్ల. ఎవ్వరును చూడని వేళ మీట నొక్కక ఆపిన వ్రేలు మాత్రము నిజము.

ఆ వ్రేలికి అలవాటైన నిగ్రహము రేపు ఏ బల్ల యొద్ద, ఏ కాగితము మీద ఉపయోగపడునో చెప్పజాలము. ఉపయోగపడుననుటకు మాత్రము ఆశ కలదు. మన పిల్లలు గెలుచుట నేర్చుకొనుచున్నారు, మంచిదే. ఎట్లు గెలువరాదో తమకు తామే నిర్ణయించుకొనుటయు నేర్చుకొందురు గాక యని కోరుచున్నాను.